ఉబ్బు కింద సొట్ట

కుంభాకారం అనే మాట పిల్లలకు చెప్పుడు నాకు ఎప్పుడూ కష్టమే అయింది. కోరుట్ల దగ్గర ఒక సర్కారు హైస్కూల్ల నేను భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. పుస్తకంల కుంభాకార దర్పణం అని ఉంటది. పిల్లలు బట్టీ పట్టి పరీక్షల రాసి మర్చిపోతరు. ఎవ్వరి ఇంట్లనూ గా మాట వినపడది. అందుకే నేను బోర్డు మీద కుండ గీసేదాన్ని. "కుంభం అంటే కుండ. కుండను బయట నుంచి తడిమితే ఎట్లుంటది? గదే కుంభాకారం" అని చెప్పేదాన్ని.

తెలంగాణ కోసం ఊరూరూ రోడ్డెక్కిన రోజులవి. గా ఏడు పదో తరగతిల ముందటి బెంచీ పిల్ల ఒకతి లేచింది.

"టీచర్, కుండల చెయ్యి పెట్టి లోపల్నుంచి తడిమితే?"

"అప్పుడు పుటాకారం."

"కుండ ఒక్కటే గద?"

"కుండ ఒక్కటే. నువ్వు ఏ దిక్కున్నవో దాన్ని బట్టి పేరు మారుతది. సరే, మీ ఇంట్ల కుంభాకారం అనరు గదా, మరేమంటరు?"

తరగతి అంతా ఒక్కసారే లేచింది. ఉబ్బు అంటం టీచర్. పూరి ఉబ్బుతది. వానకు తలుపు ఉబ్బి మూసుకోదు. మా పెద్దమ్మోళ్ల మట్టిగోడ ఉబ్బింది, రేపో మాపో కూలుతది. చచ్చిన బర్రె ఉబ్బుతది. అందరూ నవ్విన్రు. నేను మెకానిక్ దగ్గర అడుక్కొచ్చిన బండి అద్దం బల్ల మీద పెట్టి, నడుమ ఎట్ల ఉబ్బి ఉన్నదో వేలుతోని తడిమి చూడున్రని చెప్పిన. ముందటి బెంచీ పిల్ల వంగి చూస్తున్నది.

అప్పుడే గేటు దిక్కు నుంచి కేకలు వచ్చినయి. "స్కూల్ బంద్! బయటికి రాన్రి!" కాలేజీ పోరగాండ్లు జెండా కర్రలు పట్టుకొని నేరుగా తరగతిలకే వచ్చిన్రు. "టీచర్, బంద్ అంటె పాఠం చెప్తున్నవా?" అనుకుంట ఒకడు కర్ర ఎత్తి బల్ల మీద కొట్టిండు. అద్దం పగిలింది. ఒక పెంకు లేచి గా పిల్ల కనుబొమ్మ మీద దిగింది. నెత్తురు కంట్లకు కారుతుంటే ఆ పిల్లకు ఏడుపు గూడ రాలే, నోరు తెరిచి నిలబడ్డది.

నేను వాని చెంప మీద కొట్టిన. నా చెయ్యే మంటబెట్టింది. వాడు కర్ర లేపిండు. వెనుకున్నోళ్లు వాని నడుం పట్టి గుంజుకపోయిన్రు. "చూడలే టీచర్, చూడలే" అని వాడు పోతపోత అరుస్తనే ఉన్నడు. తెలంగాణ రావాలని నేను గూడ కోరుకున్నదాన్నే. కానీ ఆ పూట నాకు వాడు పగోని లెక్కనే కనపడ్డడు.

పక్క గదిల ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలు, సైన్స్ చెప్పే టీచర్ ఒకామె ఉండేది. నాకంటె వయసుల పెద్దది, బడి అంతా ఆమెను ఆపా, అంటె అక్క, అని పిలిచేటోళ్లం. ఆపా ఉరికొచ్చి, తన దుపట్టా అంచు నీళ్లల ముంచి పిల్ల ముఖం తుడిచింది. కన్ను బతికింది. దవఖానాల కుట్లు వేయించి పిల్లను ఇంటికాడ దింపి వచ్చినంక, పెంకులు ఊడ్చుకుంట ఆపా అడిగింది.

"ఏం పాఠం చెప్తున్నవు?"

"కుంభాకారం."

"మా పుస్తకంల ముహద్దబ్ అంటరు. గూని ఉన్నట్టు అని అర్థం. మీకు కుండ కనపడ్డది, మాకు గూని కనపడ్డది" అని నవ్వింది. నవ్వుకుంటనే పెంకులను కాయితంల చుట్టింది.

తర్వాత టీచర్లు గూడ సమ్మెకు దిగిన్రు. బడికి తాళం పడ్డది. జగిత్యాలల గడియారం టవర్ కాడ రోడ్డు మీదనే వంటలు చేసి, రోడ్డు మీదనే తిని, బండ్లు ఆపుదామని పిలుపు వచ్చింది. ఆపా, నేను, ఇంకొందరు టీచర్లం జీపుల పోదామనుకున్నం. అప్పటికి నాకు పెండ్లి కాలే, కోరుట్లల ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉంటున్న. మా పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడ మా అన్న సాంచెల మీద పనిచేసేటోడు. కరెంటుతోని నడిచే మగ్గాలను మా దిక్కు సాంచెలంటరు. వదిన ఇంట్ల కూసొని బీడీలు చేసేది. వాళ్లకు కొత్తగ బిడ్డ పుట్టింది.

ముందటి రోజు అన్న ఫోన్ చేసిండు. "పొల్లను తొట్టెల వేస్తున్నం. మేనత్తవు నువ్వు లేకుంట ఎట్ల? బస్సులు లేవు గద, నేనే బండి మీద వస్త."

"రేపు జగిత్యాలల ధర్నా ఉన్నదన్నా."

"నీ తెలంగాణ వస్తె నా సాంచె రెండు మీటర్లు ఎక్కువ నేస్తదా?" అని నవ్విండు. "పో, కూసో. అయిపోయేటాళ్లకు నేనే టవర్ కాడికి వస్త."

మర్నాడు పొద్దుగాల్నే మేం టవర్ కాడికి పోయినం. రోడ్డు నడుమ మూడు రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజులల్ల కిచిడీ వండుతున్నరు. ఆడోళ్లం ముందట కూసున్నం. ఎండ ముదిరేసరికి మా ముందు పోలీసులు బారుగా నిలబడ్డరు. ఎక్కడెక్కడి నుంచో దించినోళ్లు, ఒక్క ముఖం గూడ తెల్వది. చేతులల్ల బెత్తంతోని అల్లిన డాళ్లు. నడుమ ఉబ్బి, అంచులు వెనుకకు వంగి ఉన్నయి. సందుల నుంచి ఎవరో రాయి విసిరిన్రు. అది డాలు నడుమ తగిలి, జారి, పక్కకు పోయి మా వరుసల ఒక ముసలామె మోకాలి మీద పడ్డది. ఆమె "అవ్వో" అని ఒరిగింది. వెనుక నుంచి ఇంకో రాయి, ఇంకోటి. విజిల్ వినపడ్డది.

వాళ్లు ఉరికొచ్చిన్రు. డాళ్లతోని మమ్ములను నూకి, పడ్డోళ్ల మీద లాఠీలు ఆడించిన్రు. నేను లేవబోతుంటె వీపు మీద ఒక దెబ్బ పడ్డది, ఊపిరి ఆగిపోయింది. పక్కన ఎవరో బూటుతోని తన్నితే కిచిడీ గంజు బోర్లపడ్డది. సలసల మరిగే కిచిడీ రోడ్డు మీద పారి ఒక టీచర్ కాళ్లు కాలినయి. ఆమె అరుపు విని ఒక పోలీసాయన ఆగి, వంగి ఆమెను లేపబోయిండు. గాయన నెత్తి మీద మనోళ్లల్ల ఎవరో ఇటుకతోని కొట్టిన్రు. టోపీ పోయింది, ఆయన గూడ కిచిడీలనే పడ్డడు. దాంతోని తక్కినోళ్లకు పూనకం వచ్చింది. ఇంక ఆడ, మగ చూడలే.

ఆపా పడిపోయింది. నేను ఆమె చెయ్యి పట్టి గుంజుతున్న. అప్పుడే మా అన్న కనపడ్డడు. బండిని ఎక్కడనో వదిలి, జనంల నుంచి అడ్డం తోసుకుంట వస్తున్నడు. "చెల్లె! ఇటు రా!" అని చెయ్యి చాపిండు. నేను గా చెయ్యి అందుకున్న. వెనుక నుంచి లాఠీ వచ్చి ఆయన తల ఎడమ దిక్కు పడ్డది.

గట్టి నేల మీద టెంకాయ కొట్టినట్టు వినపడ్డది. మా అన్న వెంటనే పడలే. నా దిక్కు చూసిండు, ఏదో అడుగుదామన్నట్టు. తర్వాత మెల్లగ కూసున్నడు. కూసున్న మనిషి వీపు మీద మళ్ల కొట్టిన్రు. ఆపా పాక్కుంట పోయి అన్న మీద బోర్ల పడ్డది. "మార్ డాలోగే క్యా? సంపుతరా?" అని రెండు భాషలల్ల అరుస్తున్నది. ఆమె ముంజేతి మీద లాఠీ పడితే ఎముక ఇరిగింది. నేను కొట్టేటాయన చెయ్యి పట్టి కరిచిన. పండ్లు దిగినయి, నోట్ల ఉప్పగ తగిలింది. ఆయన రెండో చేత్తోని నా చెవి మీద కొట్టిండు. ఆ చెవిల చాలా రోజులు హోరు పోలే.

సందు మొగదాల ఎరువుల దుకాణం ఉన్నది. దుకాణదారు వెల్గటూర్ దిక్కు పాత దొరల ఇంటోడు, అప్పటిదాక మా ధర్నా మొఖం గూడ చూడలే. ఆయనే ఉరికొచ్చి అన్న చంకల కింద చేతులు పెట్టి లోపలికి గుంజి షెట్టర్ దించిండు. బయట షెట్టర్ మీద లాఠీలు దడదడ కొట్టినయి. మేం ఎరువుల బస్తాల మీద పడి నోళ్లు మూసుకొని ఉన్నం. చప్పుడు సద్దుమణిగినంక, వెనుక తలుపుల నుంచి తీసి పక్క గల్లీల ఉన్న చిన్న దవఖానాకు తోలుకపోయిన్రు.

అక్కడ దెబ్బలు తిన్నోళ్లు వరండా నిండ ఉన్నరు. కాంపౌండర్ ఒకాయన అన్న తల తడిమిండు. దెబ్బ తగిలినకాడ తోలు పగలలే, కానీ కోడిగుడ్డంత ఉబ్బింది.

"ఉబ్బిందంతే. ఐస్ పెట్టున్రి. నెత్తురు కారేటోళ్లను ముందు చూడాలె" అని పోయిండు.

నేను గూడ సంబురపడ్డ. ఉబ్బితే మంచిదే, బయటికే వచ్చింది, లోపలికి పోలే అనుకున్న. ఐస్ గడ్డను చేతి రుమాలుల చుట్టి పెట్టిన. కొంచెంసేపటికి అన్న కక్కుకున్నడు. తర్వాత తన ఒడిల పడి ఉన్న చెయ్యిని చూసుకుంట, "చెల్లె, ఇది ఎవరిది?" అని అడిగిండు.

"నీదే అన్నా. నీ కుడి చెయ్యే."

"కాదు" అన్నడు. ఆ మాట గూడ నత్తినత్తిగ వచ్చింది.

ఇరిగిన చేతిని దుపట్టాతోని మెడకు కట్టుకొని నిలబడ్డ ఆపా, దుకాణదారు దిక్కు తిరిగి, "సాబ్, కరీంనగర్ తీసుకపోవాలె. ఇప్పుడే" అన్నది. ఆయన తన జీపు తీసిండు, తనే నడిపిండు.

ఊరు దాటినంక ఒకకాడ రోడ్డుకు అడ్డంగ వేపచెట్టు నరికి పడేసిన్రు. బండి నిలవకముందే రాయి వచ్చి ముందటి అద్దం జల్లుమని పగిలి మా ఒళ్లల్ల పడ్డది. దుకాణదారు నొసలు నుంచి నెత్తురు. కర్రలు పట్టుకొని పదిమంది దాక ఉరికొచ్చిన్రు, అందరూ మనోళ్లే.

"బంద్ల బండి ఎట్ల తీసిన్రు? దిగున్రి!"

"లోపల దెబ్బ తిన్న మనిషి ఉన్నడు, చెట్టు జరుపున్రి" అని దుకాణదారు చెప్పిండు.

"అందరూ గట్లనే చెప్తరు" అనుకుంట ఒకడు ఆయన అంగీ పట్టి బయటికి గుంజి, కడుపుల గుద్దిండు. ఆయన సీటు కింది నుంచి జాకీ రాడ్ తీసిండు. ఇంకొక నిమిషం అయితే అక్కడ ఒక శవం లేచేది. నేను దిగి, గా గుద్దినోని కాలర్ దొరకబట్టుకొని, వాని తలను జీపు లోపలికి తోసిన. "చూడు! పోలీసులు కొట్టిన్రు. కండ్లు పెట్టి చూడు!" వాడు మా అన్నను చూసిండు. అన్న నోటి పక్క నుంచి చొంగ కారుతున్నది, ఎడమ కన్ను మూసుకపోయేదాక ఉబ్బు దిగింది. వాని మెడ నా చేతుల కింద ఒక్కసారే మెత్తపడ్డది.

"అరేయ్, జరుపున్రిరా! చెట్టు జరుపున్రి!" అని వాడే అరిచిండు. అందరూ కలిసి చెట్టును పక్కకు ఈడ్చిన్రు. వాడు మా జీపు ముందట బండి వేసుకొని కరీంనగర్ దాక ఉరికిండు, దారిల ఎక్కడెక్కడ ఆపిన్రో అక్కడక్కడ కొట్లాడి దారి తీయించిండు. పేరు చెప్పకుంటనే వెనుకకు మళ్లి పోయిండు.

కరీంనగర్ దవఖానాల స్కాన్ తీసినంక డాక్టర్ నన్ను లోపలికి పిలిచిండు. "పైన వాపు చూసి మోసపోయిన్రు. కింద పుర్రె ఎముక పగిలి లోపలికి దిగబడ్డది, మెదడును ఒత్తుతున్నది. వెంటనే ఆపరేషన్ చేయాలె."

ఏండ్లకేండ్లు బోర్డు మీద బయటికి వంగినది, లోపలికి వంగినది అని గీసినదాన్ని, నా అన్న తల మీద చెయ్యి పెట్టి ఉండి గూడ నాకు తెలువలే. ఆపరేషన్ చేసి ఎముక ముక్కలు తీసిన్రు. బతుకుతడని తెల్లారి చెప్పిన్రు. వాపు తగ్గినంక, గుండు చేసిన తల మీద ఎడమ దిక్కు బొటనవేలు పట్టేంత సొట్ట తేలింది. వదిన పొల్లను ఎత్తుకొని వచ్చి గా సొట్టను చూసింది. ఏడ్వలే. పోలీసులను, నన్ను, తెలంగాణను కలిపి తిట్టింది. నేను తలకాయ వంచుకొని విన్న.

ఇంటికి పోయినంక అసలు కష్టం మొదలైంది. అన్నకు మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది, కుడి చేతి వేళ్లు మాత్రం దారం పోగు ముడి వేయలేకపోయినయి. సాంచె మీద పోగు తెగితే అందుకొని ముడి వేయాలె, అది చేతకాకుంటె పని లేదు. ఇంక ఒక కేసు. రాళ్లు విసిరిన్రని పోలీసులు పెట్టిన కేసుల మా అన్న పేరు గూడ ఉన్నది. జీవితంల కుక్క మీద రాయి వేయని మనిషి, జగిత్యాల కోర్టుకు వాయిదాలు తిరిగిండు.

వీటన్నిటికంటె ఘోరం ఆయన కోపం. ఎన్నడూ గట్టిగ మాట్లాడని అన్న, కూరల ఉప్పు తక్కువైతె పళ్లెం గోడకు కొట్టేటోడు. పొల్ల ఏడిస్తె తొట్టెలను తన్నేటోడు. ఒకసారి నేను సిరిసిల్లల ఉన్నప్పుడు వదిన బీడీలు చేస్తున్నది, ఆకు కత్తిరించే కత్తెర చేతిల ఉన్నది. పొల్ల ఏడ్పు ఆపలేదని అన్న రోకలి ఎత్తుకొని ఆమె మీదికి పోయిండు. నేను అడ్డం పోబోతె వదిన నన్ను ఒక చేత్తోని నూకేసి లేచి నిలబడ్డది.

"కొట్టు. నీ తల పగిలినప్పుడు మూత్రం సంచి మోసిన చేతులు ఇవి. కొట్టు. కొడితె ఈ కత్తెర నీ మెడల దిగుతది, నేను జైలుకు పోత, పొల్ల అనాథ అయితది. కొట్టు!"

ఆమె కత్తెర దించలే. అన్న రోకలి కింద పడేసి, అక్కడనే కూలబడి, తన తలను గోడకు కొట్టుకోవట్టిండు. మేం ఇద్దరం పట్టుకున్నం. మర్నాడే కరీంనగర్ తీసుకపోయినం. దెబ్బ తగిలిన మెదడుకు గిట్ల కోపం వస్తది, మందులు వాడాలె అని డాక్టర్ చెప్పిండు. మందులతోని మెల్లమెల్లగ మనిషి మాకు తిరిగొచ్చిండు, పూర్తిగ మాత్రం రాలే. వెనుక నుంచి ఎవరన్న పిలిస్తె ఇప్పటికీ పిడికిలి బిగుస్తది. ఇదివరకు సాంచెల పని ఇచ్చిన ఆసామే దయతలచి సాంచెల షెడ్డు కాపలా పని ఇచ్చిండు.

బడి తెరిచినంక నేను మళ్ల గదే పాఠానికి వచ్చిన. కుండ గీసి, ఇంట్ల ఏమంటరని అడిగిన. వెనుక బెంచీ నుంచి ఒకడు, "పోలీసోళ్ల డాలు టీచర్" అన్నడు. ఎవ్వరూ నవ్వలే. "అవును, అది గూడ" అని చెప్పి బోర్డు తుడిచిన. కనుబొమ్మ మీద కుట్ల గీత ఉన్న పిల్ల నా దిక్కే చూస్తున్నది. గా ఏడు ఆమె సైన్స్‌ల మంచి మార్కులు తెచ్చుకొని, జగిత్యాలల ఇంటర్‌ల చేరింది. ఆపా చెయ్యి అతుక్కున్నది గనీ కొంచెం వంకరగ అతికింది. చాక్‌పీసు ఎడమ చేత్తోని పట్టుడు నేర్చుకొని, అట్లనే రిటైర్ అయ్యేదాక చెప్పింది.

తెలంగాణ వచ్చింది. కేసులు ఎత్తేసిన్రు. సిరిసిల్లల పటాకులు కాలుస్తుంటె అన్న తలుపులు వేసుకొని తలకింది మెత్తను చెవుల మీద అదుముకొని పండుకున్నడు. కొన్ని రోజులకు వాడకట్టు లీడర్లు వచ్చి, ఉద్యమంల దెబ్బతిన్నోళ్లకు సన్మానం అని బలవంతంగ తీసుకపోయిన్రు. శాలువా కప్పి మైకు చేతికిచ్చిన్రు. అన్న కొంతసేపు జనాన్ని చూసి, "నేను ధర్నాకు పోలే. మా చెల్లెను తీసుకరావడానికి పోయిన" అని మైకు కింద పెట్టి దిగి వచ్చిండు. ముందటి వరుసల కూసున్న నాకు గా మాట లాఠీ కంటె గట్టిగ తగిలింది. కానీ అన్న నా పక్కన కూసొని, శాలువా తీసి నా ఒడిల పెట్టి, "ఉక్కపోస్తున్నది, పోదామా?" అన్నడు.

మొన్న సిరిసిల్ల పోయినప్పుడు అన్న నన్ను గూడ వెంటబెట్టుకొని కటింగ్ షాపుకు పోయిండు, అక్కడి నుంచి బజారు పని ఉన్నదని. షాపుల కొత్తగ వచ్చిన పోరడు ఉన్నడు. అన్న కుర్చీల కూసున్నంక, మిషన్ పెట్టి తల ఎడమ దిక్కున నడిపిండు, సొట్ట కాడ మిషన్ దిగి ఆగింది.

"కాకా, గిదేంది?"

"సొట్ట. చుట్టూ వెంట్రుకలు పెద్దగ ఉంచు, దాని మీద పడి కప్పుతయి" అని అన్న కండ్లు మూసుకొని చెప్పిండు.

పోరడు మిషన్ పక్కన పెట్టి కత్తెర తీసుకున్నడు. సొట్ట చుట్టూ వెంట్రుకలను దువ్వెనతోని లేపి, కొంచెం కొంచెం కత్తిరించుకుంట పోయిండు. అన్న పిడికిలి కుర్చీ చెయ్యి మీద ఉన్నది. కాసేపటికి వేళ్లు విడినయి. ఫ్యాను గాలికి కిందపడ్డ వెంట్రుకలు నా చెప్పుల దాక వచ్చినయి. బయట సాంచెల చప్పుడు టకటక వినపడుతనే ఉన్నది.